పిల్లల నడకకు తగిన ప్రయాణము

ఆదికాండము 33వ అధ్యాయములో మనము తరచుగా చదివి దాటిపోవు చిన్న సంభాషణ యొకటి కలదు. ఎన్నో ఏండ్ల ఎడబాటు తరువాత అన్నదమ్ములు కలిసికొనిరి. ఏశావు వెంట నాలుగువందలమంది మనుష్యులున్నారు. కౌగిలింతలు, కన్నీళ్లు అయిన పిమ్మట అతడు, ఇక బయలుదేరుదము రమ్మని తమ్ముని పిలిచెను. యాకోబు ఆ పిలుపును మర్యాదగానే కాదనెను. తన పిల్లలు పసివారనియు, మందలో పాలిచ్చు తల్లులున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద నిలువదనియు చెప్పి, అన్నను ముందు సాగనిచ్చి, తాను పిల్లల అడుగులను చూచుకొనుచు మెల్లగా వత్తుననెను. ఈ మాట చెప్పినవాడు అప్పుడు తానే కుంటుచుండెను. అంతకు ముందు రాత్రియే యబ్బోకు రేవునొద్ద అతని తొడకీలు తప్పెను.

యాకోబు ఆ తరువాత అన్న ఊరికి పోనేలేదు, సుక్కోతునకు పోయెను. కాబట్టి అతని మాటలో తప్పించుకొను యుక్తి కొంత ఉన్నదని ఎవరైన అందురేమో. ఉండవచ్చును. యాకోబు యాకోబే గదా! అయినను సాకుగా చెప్పినను అది కాపరి యెరిగిన సత్యము. నాలుగువందలమంది బలవంతుల నడకతో పసిబిడ్డలను నడిపింపరాదు. ప్రయాణపు వేగమును ఎవరిని చూచి నిర్ణయింపవలెను అను ప్రశ్న మన యిండ్లలోను, బడులలోను, సంఘములలోను నేటికిని అట్లే నిలిచియున్నది. ముఖ్యముగా, అందరివలె నడువలేని, వినలేని, మాటాడలేని, త్వరగా గ్రహింపలేని బిడ్డ యున్న యింట అది ప్రతి ఉదయమును లేచుచున్నది.

అట్టి బిడ్డలు లేని సంఘము మన పల్లెలలో నేనెరిగినంతవరకు లేదు. లేరని తలంచు సంఘములలో వారు ఇంటివద్ద విడువబడియున్నారు. మనము వారిని గూర్చి మాటలాడు విధము గమనింపుడి. "వానికి మాట పడలేదు," "దానికి ఎదుగుదల లేదు," "వీనికి ఏమియు రాదు." ప్రతి వాక్యము లేదు అను మాటతో ముగియుచున్నది. ఒక బిడ్డను లేనివాటి పట్టికగా చేసినయెడల ఆ పట్టిక ఎంత నిజమైనను దానినుండి రేపటి ఉదయము ఆ తల్లి యేమి చేయవలెనో తెలియదు. ఇది దయకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు, సత్యమునకు సంబంధించినది. సగము చెప్పిన సత్యము సాక్ష్యములో అబద్ధమంత హాని చేయగలదు.

ఇప్పుడు మన దేశములో ఇట్టి బిడ్డలను కొలుచు పద్ధతులు రెండున్నవి. ఒకటి అందరు ఎరిగినది, సదరం ధ్రువపత్రమని మనవారు పిలుచునది. 1995 నాటి చట్టములో ఏడు విధములైన వైకల్యములు మాత్రమే చెప్పబడగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో ఇరువదియొకటి చేర్చబడినవి. ఆటిజము, తలసీమియా, చదువుటలో వ్రాయుటలో కలుగు ప్రత్యేకమైన లోపములు మొదలగునవి అందులోనికి వచ్చినవి. నలుబది శాతము గాని అంతకు మించి గాని ఉన్నదని వైద్యులు ధ్రువపరచినయెడల చట్టము చెప్పు ప్రత్యేక హక్కులు చాలవరకు వర్తించును. ఈ పత్రము అక్కరలేదని నేను చెప్పను. అది లేక పింఛను లేదు, బస్సు పాసు లేదు. సంఘపెద్దలు పేద తలిదండ్రులకు తోడుగా పోయి దానిని సంపాదించి యిచ్చుట మంచి పరిచర్య.

అయితే ఆ సంఖ్య ఏమి చెప్పును, ఏమి చెప్పదు అనునది ఆలోచింపవలెను. అది ఎంత లోపించినదో చెప్పును. బిడ్డ దేనికి నవ్వునో, ఎవరి గొంతు విని తల త్రిప్పునో, గ్లాసు పట్టుకొనగలడో లేదో చెప్పదు. దానిలో మరియొక శోధన కూడ దాగియున్నది. డాక్టరు ఎక్కువ శాతము వ్రాసెనని ఊరటపడు తండ్రులను, బిడ్డకు కొంచెము మెరుగైనదని నలుగురిలో చెప్పుటకు జంకు తల్లులను ఎరుగుదుము. వారిని నిందించుట సులభము. కూలి డబ్బుతో బ్రదుకు ఇంటిలో ఆ పింఛను బియ్యపు మూట. కాని బిడ్డ లోపమునకు వెల యుండి, బిడ్డ వృద్ధికి వెల లేనప్పుడు ఇంటివారి కన్ను తెలియకయే లోపమువైపు తిరుగును. తప్పు ఆ తలిదండ్రులయందు కంటె, వేరే కొలత వారికి ఎవరును చూపకపోవుటయందు ఎక్కువ కలదు.

ఆ వేరే కొలత, అనగా రెండవ పద్ధతి, బిడ్డను మధ్య నుంచి చూచునది. ఈ బిడ్డ ఇప్పుడు ఏమి చేయగలడు? ఎవరి సహాయము లేక ఏది చేయును? మాటతో చెప్పినయెడల ఏది చేయును? చేయి పట్టుకొని చేయించినయెడల ఏది చేయును? దేనిని కోరును? దేనికి భయపడును? ఇవి తెలిసికొని, రాబోవు కొన్ని నెలలలో నేర్చుకొనదగిన మూడు నాలుగు సంగతులు ఏర్పరచి, ఎవరు ఎప్పుడు ఎట్లు నేర్పుదురో వ్రాసికొని, గడువు ముగిసిన పిమ్మట మరల చూచి, ఫలింపనిచో బిడ్డను గాక ప్రణాళికను మార్చుట. ఇదియే ఆ పద్ధతి సారము. మద్రాసులో జయచంద్రన్, విమల అను ఉపాధ్యాయులు తయారుచేసిన పట్టిక యొకటి మన దేశపు ప్రత్యేక పాఠశాలలలో వాడుకలో నున్నది. అందు జీవితమునకు అవసరమైన 18 విభాగములు, ఒక్కొక్క దానిలో 20 అంశములు, మొత్తము 360 ఉన్నవి. అందులోని ప్రతి వాక్యమును చేయగలడు అను భావముతో వ్రాయబడినది. ఈ పట్టిక కూర్చినవారు లేదు అను మాటను కావలెననియే ప్రక్కకు పెట్టిరి. సికింద్రాబాదులో 1984లో ప్రారంభమైన జాతీయ సంస్థ కూడ బుద్ధిమాంద్యము గల పిల్లల కొరకు ఇట్టి పట్టికలను తయారుచేసి ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చుచు వచ్చినది.

కొలుచుట మేలునకే మొదలై కీడుగా మారిన చరిత్రయు కలదు. దానిని మన చదువరులు తెలిసికొనుట మంచిది. పారిస్ పట్టణములో ఆల్ఫ్రెడ్ బినే అను పండితుడు సిమోన్ అను వైద్యునితో కలిసి 1905లో పిల్లల బుద్ధిని పరీక్షించు ప్రశ్నలను కూర్చెను. బడిలో వెనుకబడు పిల్లలను కనుగొని వారికి తగిన బోధన ఇప్పించుటయే ఆయన ఉద్దేశము. బుద్ధి యనునది పుట్టుకతో గీచిన గీత, అది కదలదని చెప్పువారిని ఆయన 1909లో ప్రచురించిన గ్రంథములో గట్టిగా ఎదిరించెను. 1911లో మరణించెను. ఆయన ప్రశ్నలను సముద్రము దాటించి అమెరికాకు కొనిపోయినవారు వాటితోనే మనుష్యులకు ముద్రలు వేసిరి. ఫలానివారు ఇంతటి బుద్ధిహీనులని తేల్చి, వారిని ఆశ్రమములలో మూసియుంచిరి. వారికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుట న్యాయమేనని 1927లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తలుపు తెరచుటకు చేసిన తాళపుచెవితోనే తలుపు మూసిరి. కాబట్టి ఎవరైన నా బిడ్డను పరీక్షింపవలెనని వచ్చినప్పుడు తల్లి అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: పరీక్షించి ఏమి చేయుదురు? దానికి జవాబు లేని పరీక్షకు బిడ్డను అప్పగింపనక్కరలేదు.

మన ప్రభువు చేసిన విధమును మార్కు సువార్తలో చూతము. ఏడవ అధ్యాయములో చెవిటివాడును నత్తివాడునైన ఒకని తెచ్చిరి. ప్రభువు వానిని జనసమూహము నుండి ప్రక్కకు తోడుకొనిపోయి, వాని చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశము తట్టు కన్నులెత్తెను. వినలేనివానికి మాటలతో చెప్పిన ఏమి తెలియును? ఏది జరుగబోవుచున్నదో వానికి అర్థమగునట్లు వ్రేళ్లతోను చూపుతోను ముందుగా చెప్పెను. ఎనిమిదవ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించి, ముట్టి, ఏమైన కనబడుచున్నదా అని అడిగెను. అడుగకయే ఎరిగినవాడు అడిగెను! వాడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను. మనుష్యులు చెట్లవలె నడచుచున్నట్లు కనబడుచున్నారట. అప్పుడు ప్రభువు రెండవసారి చేతులుంచెను. మొదటిసారి పూర్తిగా కాలేదని వానిని నిందింపలేదు, వాని విశ్వాసము చాలలేదని అనలేదు. ఎంతవరకు వచ్చినదో వాని నోటనే విని, మిగిలినది చేసెను.

తొమ్మిదవ అధ్యాయము మన విషయమునకు మరి దగ్గర. కొండ దిగి వచ్చునప్పటికి శాస్త్రులు శిష్యులతో తర్కించుచున్నారు. ఒక బాలుడు నేలపై పడి కొట్టుకొను వ్యాధిగలవాడు. వాని చుట్టు పెద్దల వాదము జరుగుచున్నది, వానిని చూచువాడు లేడు. ఇది మనము చూడని దృశ్యము కాదు. ఆసుపత్రి వరండాలో, బడి ఆఫీసులో, కొన్నిసార్లు మన గుడి మెట్లమీద ఇదే జరుగుచున్నది. ప్రభువు ఆ తర్కములో పాలుపుచ్చుకొనలేదు. తండ్రివైపు తిరిగి, ఇది ఎంతకాలము నుండి అని అడిగెను. తండ్రి చెప్పసాగెను: చిన్నతనము నుండి; అగ్నిలో పడునని, నీళ్లలో పడునని. ఎన్ని రాత్రులు మేలుకొని కావలి కాచినవాడో ఆ తండ్రి! అంతవరకు వానిని ఎవరును ఆ ప్రశ్న అడిగియుండలేదేమో. ఆ బిడ్డనుగూర్చి లోకములో అందరికంటె ఎక్కువ తెలిసినవాడు ఆ తండ్రియేయని ప్రభువు ఒప్పుకొని మాటలాడెను. అదే అధ్యాయములో కొంత దూరము పోగానే శిష్యులు దారిలో మరియొక వాదము చేసిరి. తమలో ఎవడు గొప్ప అని ఒకరినొకరు కొలుచుకొనిరి. ప్రభువు జవాబుగా ఒక బిడ్డను తీసికొని వారి నడుమ నిలిపి, ఎత్తి కౌగిలించుకొనెను. బిడ్డను మధ్య నుంచుట అను మాట ఈ కాలపు విద్యావేత్తలు కనిపెట్టినది కాదు.

మధ్య నుంచుట అనగా సింహాసనముపై కూర్చుండబెట్టుట కాదు. ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. బిడ్డ కోరిక చొప్పున సమస్తము చేసినయెడల క్రమశిక్షణ యేమగును? సామెతల గ్రంథము బెత్తమును గూర్చి కూడ చెప్పలేదా? చెప్పినది. కాని బిడ్డ కోరిక వేరు, బిడ్డ మేలు వేరు, బిడ్డ మాట వేరు. కోరినదంతయు ఇయ్యనక్కరలేదు. మేలు ఏదో పెద్దలు వెదకవలెను. అయితే బిడ్డ మాట వినకుండ మేలు వెదకువాడు తనకు మేలైనదానినే బిడ్డ మేలని పిలుచుట సహజము. నేను సెమినరీలో హెబ్రీ భాష చదువునప్పుడు సామెతలు 22వ అధ్యాయము 6వ వచనము మాకు ఆశ్చర్యము కలిగించెను. బాలుని పెంపకమును గూర్చిన ఆ వచనములో త్రోవ అను మాటకు ముందున్న పలుకుబడిని అక్షరాలా చూచినయెడల, అతని త్రోవను బట్టి యను అర్థము వచ్చును. యూదుల వ్యాఖ్యాతలలో కొందరు దానిని ఆ బాలుని స్వభావమును అనుసరించి నేర్పుటయని వివరించిరి. మన తర్జుమా చెప్పునదియు సత్యమే: చేరవలసిన త్రోవ దేవునిది. కాని ఆ త్రోవలో వేయవలసిన అడుగు బిడ్డది.

ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణము, తనకు సంబంధించిన సంగతులలో బిడ్డ అభిప్రాయమును వినవలెననియు, వయస్సును పరిణతిని బట్టి దానికి విలువ నియ్యవలెననియు చెప్పుచున్నది. మన దేశము 1992లో దానిని ఒప్పుకొనెను. మాటలాడలేని బిడ్డ అభిప్రాయమెట్లు వినుట అని మీరడుగుదురు. తల్లులు దానికి నవ్వుదురు. వారు పుట్టిన దినము నుండి వినుచునే యున్నారు. ఏ చేయి చాపెనో, ఎప్పుడు ముఖము త్రిప్పెనో, ఏ పాట వచ్చినప్పుడు ఊగెనో, ఇవన్నియు మాటలే. ఒక సంఘములో మాట రాని బాలుడు ఆరాధనలో కంజిర మ్రోగినప్పుడు మాత్రము తాళమునకు సరిగా నేలపై తట్టుచుండుట బైబిలు స్త్రీ కనిపెట్టెను. లెక్కలు ఒకటి రెండు అని నోట చెప్పించలేని ఉపాధ్యాయుడు ఆ తట్టులతోనే అయిదువరకు నేర్పించెను. బుద్ధి లేదన్న చోట తాళము ఉన్నది.

హెలెన్ కెల్లరు పేరు వినని చదువరులు తక్కువ. ఆమెకు ఉపాధ్యాయురాలుగా ఆన్ సలివన్ 1887 మార్చి నెలలో వచ్చెను. సలివన్ తానే చిన్ననాడు కంటి రోగముచేత చూపు చాలవరకు పోగొట్టుకొని, శస్త్రచికిత్సలవలన కొంత తిరిగి పొందినది. నీళ్ల పంపు దగ్గర ఆ బిడ్డకు మాట యనగా ఏమో తెలిసిన దినమును గూర్చి అందరు చెప్పుదురు. ఆ తరువాత జరిగినది తక్కువమంది చెప్పుదురు. సలివన్ మొదట గంట కొట్టినట్లు పాఠములు పెట్టెను. పిమ్మట హెలెన్ బంధువుల యింట నున్న పదిహేను నెలల శిశువు ఎట్లు మాటలు నేర్చుకొనుచున్నదో గమనించి, నియమిత పాఠములు మానివేసి, తల్లి శిశువు చెవిలో మాటలాడినట్లు తాను హెలెన్ అరచేతిలో దినమంతయు మాటలాడుటకు నిశ్చయించుకొనెను. అదే 1887వ సంవత్సరమున మన దేశములో అమృతసరులో యాని షార్ప్ అను మిషనరీ గ్రుడ్డివారి కొరకు పాఠశాల తెరచెను. మన దేశపు గ్రుడ్డివారి బడులలో అదియే మొదటిది. మిషను చరిత్రలో మనము ఎన్ని గుళ్లు కట్టిరని లెక్కించినంతగా ఇట్టివి లెక్కింపము.

ఇప్పుడు పల్లెలో చేయదగినది చెప్పెదను. మొదట చెవులు కన్నులు చూపించుడి. మొద్దు అని కొట్టబడు పిల్లలలో బోర్డు కనబడనివారు, సగము మాటలే వినబడువారు ఉన్నారు. కళ్లజోడుతో తీరు సంగతికి కన్నీళ్లెందుకు? 2013 నుండి ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టిన బిడ్డ మొదలుకొని పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను పరీక్షించు ఏర్పాటు చేసినది. వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావలెనని నియమము. ఆ దినమున బిడ్డను దాచకుడి. సిగ్గుపడి పొలమునకు పంపకుడి. మండలములలో భవిత కేంద్రములున్నవి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు మీ బిడ్డను చూచి ప్రణాళిక వ్రాయవలసినవారు. కదలలేని బిడ్డకు ఇంటియొద్దనే విద్య పొందు హక్కును విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ ఇచ్చినది. 2016 నాటి చట్టము చొప్పున నలుబది శాతము గాని అంతకు మించి గాని వైకల్యము గల బిడ్డకు ఆరవ ఏట నుండి పదునెనిమిదవ ఏటివరకు దగ్గరి బడిలో గాని, కోరినచో ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య కలదు. బడివారు చేర్చుకొనమన్నయెడల పెద్దలు ఒకరిద్దరు తండ్రితో కూడ పోయి మర్యాదగా చట్టము పేరు చెప్పవలెను. ఒంటరిగా పోయిన పేదవాడు వరండాలోనే నిలిచిపోవును.

ప్రణాళికలోని గురి చిన్నదిగా నుండవలెను. బాగుపడవలెను అనునది గురి కాదు, ప్రార్థన. మూడు నెలలలో తన గ్లాసు తానే పట్టుకొని త్రాగవలెను అనునది గురి. నిక్కరు తొడుగుకొనుట నేర్పవలెనన్న, ఆ పనిని ముక్కలుగా చేయవలెను: చేత పట్టుకొనుట, ఒక కాలు పెట్టుట, రెండవ కాలు పెట్టుట, మోకాళ్లవరకు లాగుట, నడుమువరకు లాగుట. అనుభవజ్ఞులు ఇందులో ఒక మంచి ఉపాయము చెప్పుదురు. మొదటి ముక్కతో మొదలు పెట్టక కడపటి ముక్కతో మొదలు పెట్టుమందురు. తల్లి అన్నియు తానే చేసి, చివర నడుమువరకు లాగుకొనుట మాత్రము బిడ్డకు విడుచును. అది వచ్చిన పిమ్మట మోకాళ్ల నుండి. అట్లు వెనుకనుండి ముందునకు. ఇందువలన ప్రతిసారియు పని బిడ్డ చేతులతోనే ముగియును. నేను చేసితిని అను సంతోషము మొదటి దినముననే వానికి దక్కును. మనలో పెద్దలకు కూడ ఇట్లు నేర్పువారుండినయెడల ఎంత బాగుండును!

న్యాయాధిపతుల గ్రంథము 13వ అధ్యాయములో మానోహ చేసిన ప్రార్థన నాకు ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. సామాన్యమైన బిడ్డ కాని బిడ్డ తనకు పుట్టబోవునని విని, అతడు గురుతు అడుగలేదు, ఐశ్వర్యమడుగలేదు. ఈ బిడ్డను ఎట్లు పెంచవలెనో నేర్పుమని అడిగెను. మన స్వస్థత కూటములను గూర్చి నేను జాగ్రత్తగా మాటలాడుదును, దేవుడు స్వస్థపరచువాడని నమ్ముచున్నాను గనుక. కాని ఒక తల్లి బిడ్డను భుజముపై వేసికొని ఏటికి పది కూటములకు తిరిగి, ప్రతి కూటమునుండి నీ విశ్వాసము చాలదు అను మాట మోసికొని వచ్చుట ధర్మము కాదు. పుట్టు గ్రుడ్డివాని చూచి పాపము ఎవరిదని అడిగిన శిష్యులకు, వీనిదియు కాదు వీని కన్నవారిదియు కాదని ప్రభువు చెప్పియున్నాడు. ఆ ప్రశ్న యోహాను 9వ అధ్యాయముతో ముగిసిపోవలసినది. స్వస్థపరచుమని ప్రార్థించు నోటితోనే ఎట్లు పెంచవలెనో నేర్పుమని ప్రార్థించుట అవిశ్వాసమని ఎవరు చెప్పిరి? ఆ తిరుగుటలో బిడ్డకు పోయిన బడి దినములను ఎవరు తిరిగి ఇయ్యగలరు?

వినకుండ నిర్ణయించుట ఎంత హాని చేయునో రాజుల యింటనే చూడవచ్చును. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్లవాడై యున్నప్పుడు దాది యెత్తుకొని పరుగెత్తగా పడి కుంటివాడాయెను. దావీదు వానిని పిలిపించి తన బల్లయొద్ద భోజనము పెట్టినది మనము ప్రసంగములలో చాల సార్లు విందుము. దాని తరువాతి కథ అంతగా వినము. అబ్షాలోము తిరుగుబాటులో దావీదు పారిపోవుచుండగా సీబా అను సేవకుడు ఎదురువచ్చి, తన యజమానుడు రాజ్యమాశించి యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. దావీదు ఆ కుంటివానిని పిలిచి అడుగక, వాని ఆస్తియంతయు అక్కడికక్కడే సీబాకు ఇచ్చివేసెను. తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు కాళ్లు కడుగుకొనక, గడ్డము చక్కపరచుకొనక, బట్టలు ఉదుకుకొనక ఎదురువచ్చి, తాను గాడిదకు జీను కట్టించుకొని రాగోరితిననియు, తాను కుంటివాడు గనుక సేవకుడు మోసగించెననియు చెప్పెను. దావీదు భూమిని సగము సగము చేసెను. అంత దయగల రాజు కూడ కుంటివానిని గూర్చి నడువగలవాని మాటనే మొదట నమ్మెను. సీబా చెడ్డవాడు కాకపోయినను అదే జరుగును. మన బిడ్డలను గూర్చి మంచి మనస్సుతో మాటలాడు మేనమామలు, ఉపాధ్యాయులు, పాదిరులు అందరు కొంత సీబాలే, బిడ్డను అడుగనంతవరకు.

సంఘములో మనకున్న కొలతలను కూడ చూచుకొందము. ఆదివారపు బడిలో కంఠత వాక్యము అప్పగించినవానికి బహుమానము. అప్పగింపలేనివానికి క్రిస్మసు నాటకములో గొఱ్ఱెపిల్ల వేషము. ఆ వేషము ఏటేట వానిదే. కథను బొమ్మలు వరుసగా పేర్చి చెప్పగల బిడ్డకు ఆ బహుమానము ఎందుకు కాకూడదు? చందా పళ్లెము పట్టుకొని వరుస వెంట నడచుట ఒక బాలికకు ఆరు నెలల గురి కావచ్చును. ఆ ఆరు నెలలు ఆరాధన రెండు నిమిషములు ఆలస్యమైనను ఫరవాలేదు. ప్రభువు బల్ల సంగతి ఇంకను బరువైనది. ప్రశ్నోత్తరములు చెప్పలేడు గనుక ముప్పదియేండ్లు వచ్చినను బల్లకు రానియ్యబడనివారు కొందరున్నారు. మన మిషనులన్నిటి పద్ధతి ఒకటి కాదు, ఈ విషయములో పెద్దలు కూడి ఆలోచింపవలెను. నా మట్టుకు నేను ఇట్లు తలంచుచున్నాను: పరీక్షను తీసివేయనక్కరలేదు, బిడ్డకు తగినట్లు అడుగవలెను. ఈ రొట్టె ఇంటి రొట్టె కాదని వాడు ఎరుగునా? అందరితోకూడ మౌనముగా నిలుచునా? యేసు అని చెప్పినప్పుడు ఎటు చూచును? ఇవియు ప్రశ్నలే, వీటికిని జవాబులున్నవి. నోట మాత్రమే జవాబు చెప్పవలెనని ప్రభువు ఎక్కడను నియమింపలేదు. మనలో ప్రశ్నోత్తరములు తడబడక అప్పగించినవారందరు ఆ బల్లను ఎరిగి వచ్చుచున్నామా?

కడపట ప్రతి తల్లియు తండ్రియు చీకటిలో అడుగు ప్రశ్న యొకటి మిగిలియున్నది. మా తరువాత వీనిని ఎవరు చూతురు? తమకంటె ఒక దినము ముందుగా బిడ్డను తీసికొనుమని దేవుని అడుగు తలిదండ్రులు కలరు. ఆ ప్రార్థన విన్న పాదిరి ఎవడును వారిని గద్దింపలేడు. ఏ ప్రణాళికయు ఈ ప్రశ్నను దాటిపోరాదు. ఆటిజము, మెదడు పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఒకటికి మించిన వైకల్యములు గలవారి కొరకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టము చేయబడినది. దాని చొప్పున జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా నుండు స్థానిక సమితి, పదునెనిమిదేండ్లు నిండిన అట్టివానికి న్యాయసమ్మతమైన సంరక్షకుని నియమింపగలదు. తలిదండ్రులే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. తోబుట్టువులను అడుగవచ్చును, కాని చెల్లెలి పెండ్లికి ఇది అడ్డమగునను భయముతో చాలమంది దాచుదురు. ఆ భయమును పోగొట్టవలసినది సంబంధములు చూచు మనమే.

కలెక్టరు కాగితము మీద సంరక్షకుడుండును. దానితోపాటు సంఘమునకు ఒక పుస్తకముండవలెనని నా మనవి. దానిలో ఒక్కొక్క బిడ్డకు ఒక పుట. వాడు ఏమి చేయగలడు, ఏమి ఇష్టము, ఏ శబ్దమునకు భయపడును, మూర్ఛ వచ్చినప్పుడు ఏ ప్రక్కకు పండుకొనబెట్టవలెను, ఏ పాట పాడినయెడల నిద్రపోవును. ఇవి తల్లి చెప్పగా ఎవరైన వ్రాసిపెట్టవలెను. ఆమె మనస్సులో మాత్రమే ఉన్నంతకాలము అవి ఆమెతోనే పోవును. వారమునకు ఒకసారి భవిత కేంద్రమునకు బస్సులో తీసికొనిపోవు మనిషి ఎవరు? ఆరాధనలో ప్రక్కన కూర్చుండు స్నేహితుడెవడు? పుటకు పైన తలిదండ్రుల పేర్లుండును. వాటి క్రింద మరి రెండు పేర్లకు చోటు విడువవలెను. ఆ చోట ఎవరి పేరు వ్రాయవలెనో ఈ నెల పెద్దల కూటములో, లెక్కలు చూచుటకు ముందే, ఆ బిడ్డను ఆ తల్లిని కూడ పిలిచి అడుగవచ్చును.